టోకెన్ వంతెన

సాగరవలస,
ఫిబ్రవరి 18.

పలక పట్టించి కూడికలు నేర్పిన బాబాయ్‌కి, అనూరాధ నమస్కారాలు.

మీకు ఫోన్ చేస్తే వినపడదు. మీరు నాకు చేస్తే పలికేది మా ఆయన. కౌన్సిలర్‌ని నేనే గానీ కౌన్సిలర్ సెల్లు మాత్రం వీరేంద్ర జేబులో ఉంటుంది. "మేడం గారున్నారా?" అని ఎవరైనా అడిగితే "సెప్పండి, నానే" అంటాడు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చాను.

మా మున్సిపాలిటీలో బడ్జెట్ తగువు ముదిరింది. పాతిక వార్డుల్లో చైర్మన్ ఉమాశంకర్ గారి పార్టీకి పన్నెండు, వైస్ చైర్‌పర్సన్ పద్మావతి గారి పార్టీకి పన్నెండు. ఏ జెండా లేకుండా గెలిచిన ఒక్కదాన్ని నేను. చీటీలు తీసి పదవులైతే పంచుకున్నారు, బడ్జెట్‌కి చీటీలు కుదరవు కదా. ఆయనకి బీచి రోడ్డు నిండా లైట్లు కావాలి. ఆవిడకి మార్కెట్ కాంప్లెక్సు కావాలి. మొన్నటి సమావేశంలో ఒకరి మైకు ఒకరు లాక్కుని, చివరికి జాతీయ గీతం పాడి ఇళ్ళకి పోయారు.

ఇప్పుడు ఇద్దరూ మా గుమ్మం తొక్కుతున్నారు. చైర్మన్ గారు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లైట్ల సంగతి చెబుతుంటే మా అమ్మ గంప కడుగుతూ విన్నది. మా అమ్మ చిట్టమ్మ నోటి సంగతి మీకు తెలుసు కదా.

"బాబూ, నీ లైట్లెలుగులో మా ఆడోళ్ళు గంపతో గెడ్డలో పడితే ఊరందరికీ బాగా కనబడతాది. పడకుండా ఏటి సేత్తావు, అది సెప్పు" అంది.

ఆయన నవ్వేశాడు. నేను నవ్వలేదు. మా పేటకీ హార్బరుకీ మధ్య గెడ్డ ఉంది కదా, ఊరి మురుగూ వాన నీరూ కలిసి సముద్రంలోకి పోయేది. దాని మీద నేను పుట్టిన ఏడు మా నాన్నా ఆయన తోటివాళ్ళూ కలిసి వేసిన తాటి దుంగల వంతెనే ఇప్పటికీ దిక్కు. దుంగల మీద పాత పడవ చెక్కలు కొట్టారు. పేటలో ఎనభై మంది ఆడవాళ్ళు దాని మీద నుంచే తెల్లారి హార్బరులో చేపల వేలంపాటకి పోవాలి, గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కి గాజువాకకో పూర్ణా మార్కెట్‌కో చేరాలి. ఈ ఏడు రెండు దుంగలు లోపల గుల్ల అయిపోయాయి.

కాంక్రీటు వంతెన ఎవరు పెడితే వాళ్ళకి చెయ్యెత్తుతానని ఇద్దరికీ చెప్పాను. తప్పు చేశానా? మీరు ముప్పై రెండేళ్ళు బడ్జెట్ సెక్షన్‌లో పనిచేశారు. ఎవర్ని నమ్మాలో చెప్పండి. పిన్నిని అడిగానని చెప్పండి.

మీ
అనూరాధ

*

మండపేట,
ఫిబ్రవరి 27.

అనూరాధమ్మా,

నీ ఉత్తరం మీ పిన్ని తాయారు రెండుసార్లు చదివింది. మీ అమ్మ చైర్మన్‌ని అడిగిన మాట దగ్గర ఆగి ఆగి నవ్వింది. గాజువాకలో ఉన్నన్నాళ్ళూ ప్రతి గురువారం మీ అమ్మ మా పెరటి మెట్టు మీద చేపలు తోముతుంటే, నువ్వు గుమ్మంలో కూర్చుని నా దగ్గర లెక్కలు చేసేదానివి. ఆ పిల్ల ఇప్పుడు చైర్మన్లని గుమ్మం ముందు కూర్చోబెట్టుకుంటోంది! నాకు గర్వంగా ఉంది.

నేను పనిచేసిన ఆఫీసు వేరే అయినా బడ్జెట్ పుస్తకాలన్నీ ఒక్క అచ్చులోనివే. రెండు పక్షాలున్న చోట ఎవరూ పూర్తిగా గెలవని బడ్జెట్టే పాసవుతుంది. అందరికీ కాస్త తగ్గాలి, అందరికీ కాస్త దొరకాలి. కాబట్టి ఎవరితోనూ చెడకు. ఎవరు మంచివాళ్ళని చూడకు. ఆ కాలం వృథా.

ఒక్క మాట గుర్తుంచుకో. నీ వంతెన పేరు పుస్తకంలో అచ్చయ్యేదాకా చెయ్యెత్తకు. నోటిమాట సమావేశం హాలు గుమ్మం దాటదు.

మా అబ్బాయి మణికంఠ మీ మున్సిపాలిటీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు కదా, వాణ్ణి కూడా కనిపెట్టి ఉండమంటాను.

ఆశీస్సులతో,
నరసింహమూర్తి

*

సాగరవలస,
మార్చి 21.

బాబాయ్‌కి,

పుస్తకం వచ్చింది! నలభై ఒకటో పేజీ. "గెడ్డపై కాంక్రీటు వంతెన నిర్మాణం – టోకెన్ కేటాయింపు." నా కళ్ళతో చూశాను. మా అమ్మకి చదవడం రాకపోయినా ఆ వరస మీద వేలు పెట్టి చూసింది.

టోకెన్ అనగానే పేటలో పండగైపోయింది. మా వాళ్ళకి టోకెన్ అంటే ఐసు టోకెన్. ఐసు ఫ్యాక్టరీ కిటికీలో టోకెన్ చేతికిచ్చారంటే ఇక ఐసు పడవలోకి వచ్చినట్టే, కాస్త ఆలస్యమైతే అవుతుంది గానీ రాకుండా పోదు. పేట పెద్ద అప్పలరాజు మామ అయితే "టోకెనొచ్చీసిందంటే ఇంక ఆపీవోడెవుడు?" అని మీసం దువ్వాడు.

కానీ నాకొక సందేహం. మిగతా పనులకి ఎదురుగా పెద్ద పెద్ద అంకెలున్నాయి. మన వంతెన ఎదురుగా ఒకటి అని ఒక్క అంకే ఉంది. వీరేంద్ర అది కోటి అంటాడు. కమిషనర్ గారిని అడిగితే "మీ పద్దు ఓపెన్ చేశాం మేడం" అని టీ తెప్పించారు. గట్టిగా అడుగుదామంటే చదువుకున్నదాన్ని ఇంతమాత్రం తెలీదా అనుకుంటారని సిగ్గేసింది.

మీ దగ్గర నాకు సిగ్గు లేదు. టోకెన్ అంటే ఏమిటి? ఆ ఒకటి ఏమిటి? ముప్పయ్యో తేదీన ఓటింగు. వెంటనే రాయండి.

అనూరాధ

*

మండపేట,
మార్చి 24.

అనూరాధమ్మా,

ఈ ఉత్తరం స్పీడు పోస్టులో పంపుతున్నాను.

టోకెన్ అంటే ఆ పనికి పద్దు తెరిచారని. పద్దు తెరిచిన పనికి ఏడాది మధ్యలోనైనా నిధులు సర్దవచ్చు. పద్దే లేని పనికి ఎవరూ ఏమీ చేయలేరు. అంకె గురించి మనసు పాడుచేసుకోకు, అంకెలు సవరణ బడ్జెట్‌లో మారుతూనే ఉంటాయి.

ముప్పై ఒకటిలోగా బడ్జెట్ పాసవకపోతే ఏప్రిల్‌లో చీపుళ్ళు పట్టేవాళ్ళకి జీతాలు రావు. రెండు వందల పైచిలుకు కుటుంబాలు. వాళ్ళ పొయ్యి కూడా నీ చేతిలోనే ఉంది.

చెయ్యెత్తు తల్లీ.

నరసింహమూర్తి

*

సాగరవలస,
ఏప్రిల్ 24.

బాబాయ్‌కి,

చెయ్యెత్తాను. పదమూడు, పన్నెండు. పద్మావతి గారి వాళ్ళు వ్యతిరేకంగా చేతులెత్తి "సిగ్గు సిగ్గు" అని అరిచారు. బయటికొచ్చాక ఆవిడే నా భుజం తట్టి "మంచి పని చేశావమ్మా" అంది. ఈ రాజకీయం నాకెప్పటికి ఒంటబడుతుందో!

పేటలో సంగతి వినండి. పదిహేనో తేదీ నుంచి వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళు ఖాళీ. అప్పలరాజు మామ అందరినీ పోగేశాడు.

"టోకెనొచ్చీసింది. రేపు కంట్రాకటరొచ్చి సూసీసరికి జాగా కాళీగుండాల. లేపోతే ఆ సాకెట్టి ఆర్నెల్లు జాప్యం సేత్తాడు" అన్నాడు.

నాకూ సబబుగానే అనిపించింది. రెండు రోజుల్లో పాత వంతెన విప్పేశారు. గుల్ల దుంగలు పొయ్యిలోకి పోయాయి. బాగున్నవి కోసి వలలు ఆరేసే గుంజలు చేసుకున్నారు. పడవ చెక్కలు చేపలెండబెట్టే బల్లలయ్యాయి. చివరి దుంగ లేపేటప్పుడు మా అమ్మ కాస్త కళ్ళు తుడుచుకుంది, మా నాన్న చేతి పని కదా. తర్వాత గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి అందరికీ తనే ముక్కలు పంచింది.

జూన్ పద్నాలుగు దాకా వేటా లేదు, పాటా లేదు. ఆడవాళ్ళకి తెల్లారి గెడ్డ దాటే పని లేదు. అంతలోకి స్తంభాలైనా లేస్తాయి.

ఇదంతా మీ వల్లే. మీ ఉత్తరం రాకపోతే ఆ అంకె చూసి భయపడి చెయ్యి దించేసేదాన్ని.

మీ
అనూరాధ

*

మండపేట,
మే 2.

అనూరాధమ్మా,

పాత వంతెన ఎందుకు తీశారు? ఎవరు తియ్యమన్నారు? పని మొదలయ్యేదాకా ఆగవలసింది కదా!

వెంటనే నాలుగు దుంగలు సంపాదించి మళ్ళీ వెయ్యించు. వేట మొదలయ్యేలోగా జరగాలి. కారణం అడగవద్దు, పెద్దవాణ్ణి చెబుతున్నాను.

నరసింహమూర్తి

*

సాగరవలస,
ఆగస్టు 30.

నరసింహమూర్తి గారికి,

మేలో మీరు రాసిన ఉత్తరం అప్పలరాజు మామకి చదివి వినిపించాను. "టోకెనొచ్చినాక దుంగలెయ్యడమేటి? సూసినోడు ఈలకి కొత్త వంతెనక్కర్లేదు గావాల అనుకుంటాడు" అన్నాడు. నేనూ మీకు వయసు మీద పడి చాదస్తం వచ్చిందనుకున్నాను. కారణం అడగవద్దన్నారు. నేను అడగలేదు.

వేట మొదలైంది. కాంట్రాక్టరు రాలేదు. ఆడవాళ్ళు హైవే మీదుగా చుట్టూ తిరిగి మూడు కిలోమీటర్లు నడిచి హార్బరుకి పోతే, అప్పటికి పాట అయిపోయి ఎవరూ ఏరుకోని చేపలు మిగులుతున్నాయి. చుట్టూ తిరగలేనివాళ్ళు గెడ్డలో దిగారు. జూలైలో నేనే తిరిగి తిరిగి ఆరు కొబ్బరి దుంగలు వేయించాను. మొదటి పెద్ద వానకే సముద్రంలోకి పోయాయి.

అప్పుడు ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. అకౌంట్స్‌లో కోటి అని ఒక గుమాస్తా ఉన్నాడు, మంచివాడు. పుస్తకం మొదటి పేజీ తీసి చూపించాడు. "అంకెలన్నీ వేలల్లో" అని చీమ తలకాయంత అక్షరాలతో ఉంది.

"ఒకటి అంటే వెయ్యి రూపాయలు మేడం. టోకెన్ అంటే అంతే. పేరు సచ్చిపోకుండా ఎడతారు. ఎవరైనా గొడవ సేత్తే ఎడతారు. ఈ ఏడు మీ పని లేదని దానర్తం" అన్నాడు.

ముప్పై లక్షలు అడిగినచోట వెయ్యి రూపాయలు. మా పేటలో ఇప్పుడు నా పేరు టోకెన్ కౌన్సిలర్. కుళాయి దగ్గర పిల్లలు కూడా అంటున్నారు. అనుకోనివ్వండి.

పోయిన నెల ఒక ముసలామె గంపతో గెడ్డ దాటుతుంటే నీళ్ళల్లో సీసా పెంకు కాల్లో దిగింది. ఆమెకి షుగరు ఉంది. గాయం మానలేదు. ఆగస్టు పదకొండున పెద్దాసుపత్రిలో మోకాలి కిందకి తీసేశారు. వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. మేమే ఆలస్యంగా తీసుకెళ్ళాం. ఆమె చెబితే కదా! పాటకి పోవడం మానేయమంటారని పది రోజులు గుడ్డ కట్టుకుని తిరిగింది.

మీకు ముప్పై రెండేళ్ళ సర్వీసు. ఆ ఒకటి ఏమిటని నేను మిమ్మల్ని అడిగాను. సిగ్గు విడిచి అడిగాను. మీకు తెలీదని మాత్రం రాయకండి.

బి. అనూరాధ
కౌన్సిలర్

*

మండపేట,
సెప్టెంబరు 9.

అనూరాధకి,

నాకు తెలుసు.

ఈ రెండు మాటలూ రాయడానికి వారం పట్టింది. మిగతాది కూడా రాస్తాను, ఆపకుండా చదువు.

మార్చి పన్నెండున నేను గాజువాకలో ఉన్నాను. మీ కమిషనర్ మా మణికంఠ ద్వారా కబురు పెట్టి పిలిపించారు. బడ్జెట్ ఎటూ కదలడం లేదు, పాతకాలపు మనిషి ఎవరైనా దారి చూపించాలన్నారు. నాకు సంతోషమేసింది. రిటైరై పదేళ్ళయ్యాక నన్ను ఎవరో ఒకరు అడిగారు.

ఒక లాడ్జి గదిలో చైర్మన్, పద్మావతి గారు, కమిషనర్, నేను కూర్చున్నాం. వాళ్ళు మాట్లాడేది నాకు వినపడదు కాబట్టి అన్నీ కాగితం మీద రాసి చూపించారు. లైట్లు ఉండాలి. కాంప్లెక్సు ఉండాలి. పద్మావతి గారి వాళ్ళు పైకి వ్యతిరేకంగానే చేతులెత్తాలి, లేకపోతే వాళ్ళ పార్టీ ఊరుకోదు. అందుకని పదమూడో చెయ్యి కావాలి, అది నీది. రెండూ ఉంచితే నీ వంతెనకి నిధులు లేవు. అప్పుడు టోకెన్ పెట్టమని చెప్పింది నేనే. చిన్న పనులున్నవాళ్ళని ఊరుకోబెట్టడానికి మేం ఎన్నో ఏళ్ళు అదే చేశాం. మాకది తప్పుగా అనిపించేది కాదు, పనితనంగా అనిపించేది.

పద్మావతి గారు కాగితం మీద "ఆ అమ్మాయి ఒప్పుకుంటుందా?" అని రాశారు. నేను కింద "పేరు అచ్చులో కనిపిస్తే ఒప్పుకుంటుంది, దానికి లెక్కలు నేర్పింది నేనే" అని రాశాను. ఆ కాగితం చూసి వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం బస్సెక్కేశాను. మీ ఇల్లు అక్కడికి నాలుగు మైళ్ళు. రాలేదు. వస్తే మీ అమ్మ అన్నం పెడుతుంది, నువ్వు బడ్జెట్ గురించి అడుగుతావు.

చీపుళ్ళు పట్టేవాళ్ళ జీతాల సంగతి అబద్ధం కాదు. కానీ మణికంఠ కాంట్రాక్టు పొడిగింపు కూడా ఆ బడ్జెట్‌లోనే ఉంది. అది నీకు రాయలేదు. సవరణలో నీ వంతెనకి నిధులు తెప్పించవచ్చని అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. పాత వంతెన విప్పేస్తారని మాత్రం అనుకోలేదు. టోకెన్ అంటే మీకు వచ్చి తీరేదని నువ్వు ముందే రాశావు. చదివి కూడా ఆలోచించలేదు.

మేలో అసలు సంగతి రాయవలసింది. దుంగలు వెయ్యమని రాశాను గానీ ఎందుకో రాసే ధైర్యం చాలలేదు. నీ ముందు చిన్నబోతానని నా భయం. దాని ఖరీదు ఒక మనిషి కాలు.

ఆ ముసలామె ఎవరు? పేరు రాయి. నేను చెయ్యగలిగింది ఏమైనా ఉంటే చేస్తాను.

నరసింహమూర్తి

*

సాగరవలస,
సెప్టెంబరు 25.

నరసింహమూర్తి గారికి,

పేరు అడిగారు. చిట్టమ్మ.

మా అమ్మ, బాబాయ్.

పోయిన ఉత్తరంలో కావాలనే రాయలేదు. పేరు తెలియకుండా మీకెంత బాధ కలుగుతుందో చూద్దామనుకున్నాను. అలాంటి బుద్ధి నాకు పుట్టిందంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

కౌన్సిలర్ తల్లివి, హాయిగా ఇంట్లో కూర్చోవే అంటే వినేది కాదు. "నువ్వు కౌన్సిలరువి ఐదేళ్ళు. నాను సేపలమ్మీదాన్ని సచ్చీదాకా" అనేది. మిగతా ఆడవాళ్ళు హైవే మీద నడుస్తుంటే, కూతురు పరువు పోతోందని నలుగురూ చూసేలా గెడ్డలో దిగి నడిచేది. ఎవరైనా నన్ను టోకెన్ కౌన్సిలర్ అంటే "నాను దాటలేదేటి? దాటుతున్నాను గదా, మీకేటి రోగం?" అని దెబ్బలాడేది. ఆ పంతానికే పోయింది కాలు.

ఇప్పుడు మంచం మీద కూర్చుని వలలకి ముళ్ళు వేస్తోంది. మొన్న నేను రాయడానికి కూర్చుంటే చూసింది.

"మూర్తి బాబుకేనా? నా కాలు సంగతి రాయకలే. పెద్దోడు, బెంగెట్టుకుంటాడు" అంది.

మీరు చేసింది తనకి చెప్పలేదు, చెప్పను కూడా. మీ మీద జాలితో అనుకోకండి. ఇరవై ఏళ్ళు మీ పెరటి మెట్టు మీద కూర్చున్న మనిషి. ఒక కాలు పోయింది చాలు, ఆ నమ్మకం కూడా తన దగ్గర నుంచి నేను లాక్కోలేను.

మీరు రాకండి. డబ్బు పంపకండి. పంపితే తిప్పి పంపుతాను.

అనూరాధ

*

మండపేట,
అక్టోబరు 6.

అనూరాధమ్మా,

రావద్దన్నావు, రావడం లేదు. మీ పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. నాకెలాగూ వినపడదని తెలిసి కూడా మానేసింది. ఇన్నాళ్ళూ పెదవులు కదపడం చూసి అర్థం చేసుకునేవాణ్ణి, ఇప్పుడు అవి కదలడం లేదు.

మణికంఠ ఉద్యోగం మానేశాడు. నేను చెప్పలేదు, వాడే మానేశాడు.

చైర్మన్‌కీ పద్మావతి గారికీ చెరొక ఉత్తరం రాశాను. వచ్చే బడ్జెట్‌లో వంతెనకి పూర్తి నిధులు పెట్టకపోతే లాడ్జిలో జరిగినదంతా నా సంతకంతో పత్రికలకి ఇస్తానని రాశాను. జవాబు రాలేదు గానీ భయపడి ఉంటారు. పెడతారు.

ఈసారి మొదటి పేజీ చదువు. అంకె వేలల్లోనో లక్షల్లోనో చూడు. వివరం గడిలో "టోకెన్" అని ఉంటే చెయ్యి కిందనే ఉంచు. మార్చిలో రాయవలసిన పాఠం ఇది. ఇప్పుడు రాస్తున్నాను.

మీ అమ్మకి ఏమని చెప్పమనాలో తోచడం లేదు. ఏమీ చెప్పకు.

నరసింహమూర్తి

*

సాగరవలస,
మార్చి 29.

బాబాయ్‌కి,

ఆర్నెల్లు రాయలేదు. మిమ్మల్ని క్షమించలేకే రాయలేదు. ఇవాళ రాస్తున్నది వేరే సంగతి.

వంతెన వచ్చింది. మొదటి పేజీ చదివాను, వేలల్లో. వంతెన ఎదురుగా మూడు వేల నాలుగు వందలు అని ఉంది. ముప్పై నాలుగు లక్షలు. గుమాస్తా కోటిని పిలిచి మళ్ళీ లెక్కపెట్టించాను. టోకెన్ అన్న మాట ఆ వరసలో లేదు. రేపు పదకొండు గంటలకి ఓటింగు. మీ ఉత్తరాలు పనిచేశాయో, నా మౌనానికి భయపడ్డారో తెలీదు.

టోకెన్ అన్న మాట దాని కింద వరసలో ఉంది.

చైర్మన్ గారి పార్టీ తరఫున ఉప ఎన్నికలో గెలిచిన అమ్మాయి ఒకతి ఉంది, ఆశాజ్యోతి. వచ్చి నాలుగు నెలలే అయింది. వాళ్ళు గోదావరి నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. తన వార్డు కొండవాలు మీద ఉంది. అక్కడ కుళాయి లేదు, రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తుంది. పైపులైను పెడితేనే చెయ్యెత్తుతానని భీష్మించుకుంది. వంతెనకీ పైపులైనుకీ కలిపి నిధులు లేవు. చైర్మన్ గది తలుపు మూసి మాట్లాడుకున్నారు. ఈసారి ఆ గదిలో నేనూ ఉన్నాను. పైపులైనుకి టోకెన్ పెడదామని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను నా బొటనవేలి గోరు చూసుకున్నాను.

ఇవాళ సాయంత్రం ఆ పిల్ల పుస్తకం పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, మా పైపులైనుకి టోకెన్ వచ్చిందండీ! తిరుపతిలో టోకెన్ చేతికొస్తే దర్శనం అయిపోయినట్టే కదండీ, ఇదీ అంతే కదండీ? ఈ ఒకటి ఏంటో మాత్రం అర్థం కాలేదండీ" అంది.

ఎంత ముచ్చటగా ఉందో ఆ మొహం. అచ్చం మొదటి వరస లెక్క సరిగ్గా వచ్చిన పిల్ల మొహంలా ఉంది.

నిజం చెబితే రేపు తను అటువైపు చెయ్యెత్తుతుంది. మా వైపు పన్నెండు, అటు పదమూడు. బడ్జెట్ పడిపోతుంది, వంతెన పోతుంది. వానల్లో మళ్ళీ ఎనభై మంది గెడ్డలో దిగుతారు. ఇదంతా కళ్ళు మూసి తెరిచేలోగా లెక్క వేశాను. లెక్కలు మీరు బాగానే నేర్పారు.

"పద్దు తెరిచారమ్మా. అంకె గురించి మనసు పాడుచేసుకోకు" అన్నాను.

ఆ మాటలు మీవి, బాబాయ్. నా నోట్లో నుంచి తడుముకోకుండా వచ్చేశాయి.

తను నా చేతులు పట్టుకుని ఊపేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ట్యాంకరు వాళ్ళకి వచ్చే నెల నుంచి రావద్దని కాగితం ఇచ్చేశానండీ. కుళాయి వచ్చేస్తుంటే ఆ ఖర్చు మున్సిపాలిటీకి దండగ కదండీ" అంది.

ఆగమ్మా అనాలి. నోరు తెరిచాను కూడా. "జాగ్రత్తగా వెళ్ళు, చీకటి పడుతోంది" అన్నాను.

రేపు పొద్దున తన ఇంటికి వెళ్ళి చెప్పొచ్చు, పదకొండు దాకా టైముంది. వెళ్ళనని నాకు తెలుసు. ఓటింగు అయ్యాక ట్యాంకరు కాగితం వెనక్కి తీసుకోమని చెబుతాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు. బహుశా కారణం అడగవద్దంటాను.

ఈ ఆర్నెల్లూ నాకు తోడున్నది మీ మీద కోపమే. పేటలో నవ్వినప్పుడు, అమ్మ మంచం మీద నుంచి కిందికి దిగబోయి లేని కాలు మోపినప్పుడు, ఆ కోపం పట్టుకునే నిలబడ్డాను. ఇవాళ సాయంత్రంతో అది కూడా పోయింది. మిమ్మల్ని ఇప్పుడు ఏమని తిట్టను?

అనూరాధ